జగ్గమ్మ ముక్కున మిగిలిన ముల్లు

వాగు ఒడ్డున ఒక పెద్ద ఇప్పచెట్టు. దాని కింద బాలింతలు చేరడం ఆ అడవిలో ఎప్పటినుంచో ఉన్న వాడుక. ఏ జాతి తల్లి అయినా సరే, ఈనిన మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చేస్తుంది. ఒకరు మేతకు వెళితే ఇంకొకరు పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటారు. దాన్ని కాపు వంతు అంటారు. కొత్తగా కన్న తల్లికి మాత్రం, తన పిల్ల సొంతంగా గెంతేదాకా వంతు వెయ్యరు. తినడం, తాగడం, పడుకోవడం, పాలివ్వడం, అంతే ఆమె పని. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు తప్పకుండా తల్లులే అయి ఉంటారు. మగజంతువులు పెట్టి ఉంటే ముందు ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, ఆ తర్వాత పిల్లల సంగతి మరిచిపోయేవి.

చుక్కాలు అనే దుప్పికి అది తొలి కాన్పు. గడ్డిలో మగపిల్లాణ్ణి కన్నది. వాడి కాళ్ళు వాడికే బరువై తూలుతుంటే, మూతితో నెట్టుకుంటూ ఇప్పచెట్టు వైపు బయల్దేరింది. దారిలో నక్క జగ్గమ్మ ఎదురైంది.

"ఎక్కడికే అమ్మాయీ, పచ్చి బాలింతవు, ఇంత ఎండలో?"

"ఇప్పచెట్టు దగ్గరికి పిన్నీ. కొండముచ్చు మాచమ్మక్క రమ్మని చెప్పింది."

"మాచమ్మా రమ్మంది?" అని జగ్గమ్మ నిట్టూర్చింది. "సరేలే, వెళ్ళు. నాకెందుకు మధ్యలో."

"ఏమైంది పిన్నీ, చెప్పు."

"చెబితే నీ మనసు కష్టపడుతుందే. నా చెవులారా విన్నాను. ఈ పిల్లకు పొదుగులో పాలచుక్క లేదు, వంతు కాయదు, తిని కూర్చోడానికి వస్తోంది అని మాచమ్మ అంటుంటే, ఆ ముళ్ళపంది పోలమ్మ కిసుక్కుమని నవ్వింది."

చుక్కాలు అడుగు ముందుకు పడలేదు. పాల సంగతి ఆమెకూ బెంగగానే ఉంది. తెల్లారినప్పటినుంచీ పిల్లాడు కుడుస్తున్నాడు, కడుపు నిండినట్టు లేదు. ఆ మాట తన మనసులోంచి వాళ్ళ నోట్లోకి ఎలా పోయిందా అనుకుంది.

"పైగా అంతమంది కళ్ళు పడితే పసివాడికి దిష్టి. వాళ్ళు ముద్దు చేస్తే వాళ్ళ వాసన అంటుకుంటుంది. రేపు నీ బిడ్డను నువ్వే గుర్తుపట్టలేవు. నన్ను చూడు. నలుగురు పిల్లల్ని ఒంటి చేత్తో పెంచాను. ఎవరి గుమ్మమూ తొక్కలేదు."

నక్కకు చెయ్యెక్కడిదని చుక్కాలుకు ఆ క్షణాన తట్టలేదు. నిద్ర లేని తల్లికి తట్టే సంగతులు తక్కువ. జగ్గమ్మ చూపించిన చోటికే, పుట్ట పక్కనున్న పరికి పొదలోకి, పిల్లాణ్ణి తీసుకుపోయింది.

పొదలో కాపురం మొదలైంది. కాపురమంటే, తల్లి నిలబడి ఉండడం, పిల్లాడు ఏడవడం. వాగుకు వెళ్ళి నీళ్ళు తాగుదామంటే పిల్లాణ్ణి ఎవరికి అప్పగించాలి? పొద్దున్నే ఆకుల మీద మంచు నాకేది, అందినంత గడ్డి కొరికేది. తల్లి గొంతు తడవకపోతే పిల్లకు పాలెక్కణ్ణుంచి వస్తాయి? ఉన్న కాసిని కూడా ఇంకిపోసాగాయి.

జగ్గమ్మ మాత్రం రోజూ వచ్చి పలకరించి పోయేది. "తల్లన్నాక ఓర్చుకోవాలే. నేను ఓర్చుకోలేదూ?" అనేది. అంటూ అంటూ పిల్లాడి తొడల వంక చూసేది. తల్లి దుప్పి గిట్ట దవడకు తగిలితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కాబట్టి తొందరపడలేదు. ఏదో ఒక రోజు దాహానికి తట్టుకోలేక ఈ పిచ్చిది వాగుకు పోకుండా ఉంటుందా, అప్పటికి పిల్లాడు లేచి పరిగెత్తగలడా, అన్నది ఆమె ఆలోచన.

ఒక మధ్యాహ్నం పిల్లాడు పొదుగును కుమ్మి కుమ్మి, ఏమీ రాక, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చుక్కాలు నాకింది. లేవలేదు. మూతితో ఎత్తింది. నిలబడలేదు. ఏడుపు కూడా ఆపేశాడు.

చుక్కాలు మనసులోంచి దిష్టీ, వాసనా, ఎవరో నవ్వారన్న అవమానం, అన్నీ ఎటో పోయాయి. అరిస్తే పులి వింటుందన్న భయం కూడా లేకపోయింది. గొంతెత్తి, "మాచమ్మక్కా, నా బిడ్డ లేవట్లేదే" అని అరిచింది.

కొమ్మలు ఊగాయి. పిలుపు పూర్తయ్యేలోగానే మాచమ్మ పొద ముందు దిగింది. ఒక పిల్ల ఆమె పొట్టను కరుచుకునే ఉంది. ఎందుకు రాలేదని గానీ, ఇప్పుడెందుకు పిలిచావని గానీ అడగలేదు. దుప్పిపిల్లను ఒళ్ళోకి తీసుకుని, ఛాతీకి చెవి ఆనించి విని, "బతికే ఉన్నాడు. ఆకలికి సొమ్మసిల్లాడు. నువ్వు నీళ్ళు తాగి ఎంతసేపయింది?" అని అడిగింది.

చుక్కాలు ఎండిన నాలుకతో మూతి నాక్కుంది.

"అదా సంగతి. వెళ్ళు, కడుపు నిండా తాగి రా. వీణ్ణి నేను పట్టుకుంటాను. నీ బిడ్డ నా ఒళ్ళోంచి ఎక్కడికీ పోడు."

చుక్కాలు వాగుకు పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి పొద ముందు లేత చిగుళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. పగటి నిద్ర మానుకుని ముళ్ళపంది పోలమ్మ కూడా వచ్చింది. ఎక్కడో తవ్వి తెచ్చిన పిల్లిపీచర గడ్డలు ముందు పెట్టి, "నములు, పాలు పడతాయి. చేదుగా ఉంటే మొహం చిట్లించు, కానీ నములు. మా అమ్మ నాకు పెట్టింది ఇవే" అంది.

తిన్నది. తిని, ఇంకో తల్లి చూస్తూ ఉందన్న ధైర్యంతో, కన్నాక మొదటిసారి కళ్ళు మూసి పడుకుంది. లేచేసరికి నీడలు సాగి ఉన్నాయి, పొదుగు బరువుగా ఉంది. మాచమ్మ పిల్లాణ్ణి దించి చన్ను దగ్గర నిలబెట్టి, పడిపోకుండా నడుము పట్టుకుంది. వాడు కాసేపు వెతుక్కున్నాడు. తర్వాత తోక ఆడించడం మొదలుపెట్టాడు.

ఆ తోక చూసి చుక్కాలు భోరుమంది. "అక్కా, నేను పాల్లేని తల్లినని మీరు నవ్వారని నమ్మానే. నన్ను క్షమించండే."

"మేమా నవ్వింది?" అంది పోలమ్మ. "నా సంగతి వింటే నువ్వు నవ్వుతావు. తొలి కాన్పులో, ముళ్ళు గుచ్చుకుంటాయేమోనని నా పిల్లను నేనే దగ్గరికి తీసుకోలేదు. అది అటు కూర్చుని, నేను ఇటు కూర్చుని ఏడ్చాం. ఈ మాచమ్మే వచ్చి, ఓసి వెర్రిదానా, నీ పొట్ట మెత్తగానే ఉంది కదే, వెల్లకిలా తిరుగు అని చెప్పింది."

"నేనైతే నా పెద్దదాన్ని తలకిందులుగా పట్టుకుని అడవంతా తిరిగాను" అంది మాచమ్మ. "పిల్ల ఎందుకు ఏడుస్తోందా అని అందరినీ అడిగాను కూడా. మా పెద్దత్త తిప్పి పట్టుకోమని చెప్పేదాకా తెలియలేదు."

చుక్కాలుకు ఏడుపులోనే నవ్వొచ్చింది. తనొక్కతికే చేతకాలేదనుకుంది ఇన్నాళ్ళూ. చేతకానితనం అందరిదీ అని వినడం ఆమెకు పాలు పడినంత హాయిగా ఉంది.

"ఇంతకీ మేం నవ్వామని ఎవరు చెప్పారు?" అని మాచమ్మ అడిగింది.

చుక్కాలు జరిగిందంతా చెప్పింది. మాచమ్మ మొహం ముందే నలుపు, ఇంకా నల్లబడింది. "మా దగ్గరికొచ్చి, కోతిమూక నా బిడ్డను ముట్టుకోవడానికి వీల్లేదని నువ్వన్నావని చెప్పింది ఆ మహాతల్లి. నేనూ ఉడుక్కుని ఊరుకున్నాను. రోజూ చెట్టు మీంచి నీ పొదవైపు చూస్తూనే ఉన్నాను గానీ దిగలేదు. తప్పు నాదీ ఉంది."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

మర్నాడు జగ్గమ్మ వచ్చేసరికి చుక్కాలు నీరసం నటిస్తూ తల వేలాడేసి ఉంది. "పిన్నీ, నీ మాటే నిజం. ఎవరినీ నమ్మకూడదు. కానీ దాహంతో ప్రాణం పోయేలా ఉంది. రేపు తెల్లారుతూనే వాగుకు వెళ్ళొస్తాను. వీణ్ణి ఈ పొదలోనే ఆకులు కప్పి పడుకోబెడతాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"నాకు చెబితే బండకు చెప్పినట్టేనే" అంది జగ్గమ్మ, కారుతున్న చొంగను నాలుకతో లోపలికి లాక్కుంటూ. "నిదానంగా తాగి రా. తొందరేం లేదు."

తెల్లవారింది. చుక్కాలు వాగువైపు నడవడం చూశాక జగ్గమ్మ పొద దగ్గరికి వచ్చింది. లోపల ఆకుల కుప్ప మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది. "బుజ్జి నాన్నా, అమ్మమ్మ వచ్చిందిరా" అంటూ మూతిని ఆకుల్లోకి బలంగా దూర్చింది.

ఆకుల కింద ఉన్నది పోలమ్మ వెనకభాగం. పోలమ్మ ముళ్ళు లేపి ఒక్కసారి వెనక్కి నెట్టింది.

జగ్గమ్మ అరుపుకు వాగులో నీళ్ళు తాగే జంతువులన్నీ తల ఎత్తాయి. పొదలోంచి ఎగిరి పడిన జగ్గమ్మకు ముక్కు నిండా ముళ్ళే. కాళ్ళతో గీరితే ఇంకా లోపలికి దిగుతున్నాయి. నేలకు రుద్దితే ప్రాణం పోతోంది. ఇప్పచెట్టు మీద పదిలంగా కూర్చున్న మాచమ్మ ఒళ్ళో దుప్పిపిల్ల ఆవులించింది.

"మాచమ్మా, నీకు పుణ్యముంటుంది, చేతులున్నదానివి నువ్వొక్కతివే. ఇవి పీకవే" అని జగ్గమ్మ చెట్టు కిందికొచ్చి ఏడ్చింది.

"ఎవరి వాసనైనా అంటుకుంటే కష్టం కదా పిన్నీ" అంది వాగు నుంచి వచ్చిన చుక్కాలు.

మాచమ్మ పిల్లాణ్ణి తల్లికి అప్పగించి వచ్చి కూర్చుంది. "పీకుతాను. ఒక్కో ముల్లుకు ఒక్కో నిజం చెప్పాలి."

గతిలేక జగ్గమ్మ మొదలుపెట్టింది. చుక్కాలుకు మాచమ్మ మీద చెప్పింది అబద్ధం. ఒక ముల్లు వచ్చింది. మాచమ్మకు చుక్కాలు మీద చెప్పింది అబద్ధం. ఇంకో ముల్లు. దిష్టి, వాసన, పోలమ్మ నవ్వు, ఒక్కొక్కటీ బయటపడుతుంటే ఒక్కొక్క ముల్లూ ఊడుతోంది. చివరికి ముక్కు కొసన ఒక్కటే మిగిలింది.

"ఇంకేం లేవు. అన్నీ చెప్పేశాను" అంది జగ్గమ్మ.

"ఒకటుంది" అంది పోలమ్మ. "నీ నలుగురు పిల్లల్ని ఒంటి చేత్తో పెంచావని చెప్పావట. నా బొరియ పక్కనే కదా నువ్వు కన్నది. నీకు జ్వరమొచ్చి లేవలేకపోతే, నోట కరుచుకుని తిండి తెచ్చి నీ పిల్లలకు పెట్టిందెవరు? నీ అక్క కాదూ?"

జగ్గమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"ఆమె పేరు ఒక్కసారి చెప్పు పిన్నీ. ముల్లు వచ్చేస్తుంది" అని చుక్కాలు మెత్తగానే అడిగింది. తనకు సాయం చేసినవాళ్ళ పేర్లు తలుచుకుంటేనే ఆమెకు ప్రాణం చల్లబడుతోంది. అంత తేలిక మాట ఎందుకు రాదో ఆమెకు అర్థం కాలేదు.

జగ్గమ్మ నోరు తెరిచింది, మూసింది. అక్క పేరు చెబితే ఒంటి చెయ్యి గొప్ప పోతుంది. గొప్ప పోవడం కన్నా నొప్పే నయమనుకుని, ముల్లుతోనే అడవిలోకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆమె ఎవరికైనా సలహా చెప్పడానికి వస్తే ముందు ఆ ముల్లే కనిపిస్తుంది. బాలింతలు చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంటారు.

చుక్కాలు పిల్లాడు గెంతడం నేర్చుకున్నాడు. అదే రోజు ఒక కుందేలు తొలి కాన్పు పిల్లలతో బిక్కుబిక్కుమంటూ ఇప్పచెట్టు దగ్గరికి వచ్చింది. చుక్కాలు ఎదురు వెళ్ళి, "రా చెల్లీ, ముందు నీళ్ళు తాగిరా, పిల్లల్ని నేను చూస్తాను. ఇవాళ కాపు వంతు నాది" అంది. అనేటప్పుడు ఆమె చెట్టు మీదికి చూసింది. మాచమ్మ చిగుళ్ళ కొమ్మ ఒకటి విరిచి కిందికి వేసింది.

నీతి: ఏ బిడ్డా ఒక్క తల్లి చేతుల మీద పెరగదు, సాయపడిన తల్లుల పేర్లు చెప్పుకోలేని గొప్ప ముక్కున దిగిన ముల్లే.