షుగరు దించిన వరహాలమ్మ

బూరుగుపాలెంలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వరహాలమ్మ నమ్మకం. ఆ మాటకి మొగుడు గవర్రాజు తలూపేవాడు. గోడ అవతల వేరు కాపురం ఉంటున్న మరిది సింహాద్రి అయితే రెండుసార్లు ఊపేవాడు.

అలాంటి గవర్రాజు ఒకనాడు చేలో కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, "షుగరు బాగా పైకెక్కింది. కిందికి దించకపోతే కళ్ళు పోతాయమ్మా" అంది.

ఇంటికి రాగానే వరహాలమ్మ అటక వైపు చూసింది. పైకెక్కిన మాట నిజమే! పంచదార డబ్బా అటక మీదే ఉంది. అంతే, ముగ్గురూ నిచ్చెన వేసి డబ్బాని నేల మీదికి దించారు.

వారం తిరిగాక డాక్టరమ్మ, "ఇంకా దించాలి" అంది. నేలకంటే కింద ఏముంది? నుయ్యి! ఇంకేముంది, డబ్బాలోదీ, బస్తాలోదీ మొత్తం నూతిలో దింపేశారు. "నీళ్ళు భలే ఉన్నాయే!" అంటూ గవర్రాజు పూటకి నాలుగు చెంబులు తాగాడు.

ఈసారి డాక్టరమ్మ తల పట్టుకుంది. గవర్రాజు వయసూ బరువూ పనీ అన్నీ అడిగి, అచ్చంగా ఆయన ఒంటికి సరిపడే పథ్యం రాసిచ్చింది. పగలు కొర్రన్నం, ఆకుకూర. రాత్రి రెండే రెండు చపాతీలు.

"రెండు దాటకూడదంట!" అని వరహాలమ్మ కుంచెడు పిండి కలిపి, దుప్పటంత చపాతీలు రెండు చేసింది. పెనం చాలక దొడ్డి రేకు తలుపు ఊడదీసి దాని మీద కాల్చారు. "మూడోది మాత్రం అడక్కండి, చచ్చినా పెట్టను" అంది కళ్ళనీళ్ళతో. పాపం, ఆయన అడగలేదు. రెండోది నముల్తూ నముల్తూనే నిద్రపోయాడు.

నెల తిరక్కుండానే, "రేపు పరగడుపున వచ్చి రక్తం ఇవ్వండి" అని డాక్టరమ్మ కబురంపింది.

"పరగడుపంటే ఏవిటే?" అన్నాడు గవర్రాజు.

"పర అంటే పరాయి. పరాయివాళ్ళ కడుపుతో రమ్మంటోంది."

"మనకెవరిస్తారే?"

"మీ తమ్ముడు లేడూ? వేరుపడి మూడేళ్ళయింది, పరాయే కదండీ!"

సింహాద్రి వెళ్ళి, అన్న పేరు చెప్పి రక్తం ఇచ్చొచ్చాడు. వరహాలమ్మ తెచ్చిన కాగితం చూసి డాక్టరమ్మ మురిసిపోయింది. "తొంభై! ఏం చేశావమ్మా?"

"నాదేముందండీ, మా మరిదిది మొదట్నుంచీ మంచి కడుపే" అంది వరహాలమ్మ సిగ్గుపడుతూ.

సంగతంతా విన్నాక డాక్టరమ్మ చేతులు జోడించింది. "తల్లీ, ఒక్క పని చెయ్యి. ఆ పథ్యం మీ ఆయన చేత తినిపించు. ఒక్క పూట కూడా తప్పకూడదు."

వరహాలమ్మ ఒట్టేసింది. ఇంటికెళ్ళి కొర్రన్నం వండి కంచం మొగుడికిచ్చింది. సింహాద్రిని ఎదురుగా కూర్చోబెట్టింది. గవర్రాజు ముద్ద మీద ముద్ద తమ్ముడి నోట్లో పెట్టసాగాడు.

"పొట్ట పగిలేలా ఉంది, ఎన్నాళ్ళు వదినా?"

"మీ అన్నయ్య షుగరు దిగేదాకా నాయనా. నోరు తెరువు!" అని మొగుడి వైపు తిరిగి కసిరింది. "మధ్యలో ఆ గరిటె ఎందుకు తీశారండీ? చేత తినిపించమని డాక్టరమ్మ అంత స్పష్టంగా చెప్పింది కదా!"