పక్క రాజుగారి పల్లకీ

ఏటికి ఈవలి ఒడ్డున ఒకానొక రాజ్యం, ఆవలి ఒడ్డున మరొకటి ఉండేవి. ఈవలి రాజ్యాన్ని ప్రతాపకేసరి ఏలేవాడు. ఆయనకు తన రూపమంటే మహా మోజు. రాజ్యంలోకెల్లా పెద్దదైన పల్లకీల కార్ఖానాలో పనివాళ్లు కూడా తనలాగే ఉండాలని ఆజ్ఞ వేశాడు. మగవాడై ఉండాలి, కోటవీధిలో పుట్టి ఉండాలి, ఠీవిగా నడవాలి, మీసం మెలితిరిగి ఉండాలి. మిగతావాళ్లను కార్ఖానా అధికారి విరూపాక్షయ్య గుమ్మం దగ్గరే వెనక్కి పంపేసేవాడు.

ఆ ఏడు ఏటి ఉత్సవానికి రాజులిద్దరూ పల్లకీల్లో వచ్చారు. ప్రతాపకేసరి పల్లకీ నిండా బంగారమే. కానీ అది దారి పొడుగునా ఎంత కుదిపిందంటే, దిగేసరికి రాజుగారి కిరీటం చెవి మీదికి జారింది, నడుం పట్టేసింది. ఆవలి రాజు ఉదయార్కుడు మాత్రం పల్లకీలో కూర్చుని నింపాదిగా పాలు తాగుతూ వచ్చాడు. గిన్నెలోంచి చుక్క ఒలకలేదు. జనమంతా ఆ పల్లకీ చుట్టూ మూగారు. తమ రాజుకు జై కొట్టడం కూడా మరిచిపోయారు.

అప్పటినుంచీ ప్రతాపకేసరికి తిండి సయించలేదు. రాణి పాయసం వడ్డిస్తే, "ఆవలి ఒడ్డున ఇంతకంటే తియ్యగా చేస్తారేమో" అనేవాడు. ఏటి మీంచి చల్లగాలి వస్తే, అది ఉదయార్కుణ్ణి తాకి వచ్చిందని కిటికీలు మూయించేవాడు. కార్ఖానా వాళ్లను పిలిచి, "అలాంటి పల్లకీ చెయ్యండి" అన్నాడు.

వాళ్లంతా మీసాలు సవరించుకుని, "ఇంకాస్త బంగారం తాపడం చేద్దాం ప్రభూ" అన్నారు. అందరిదీ అదే మాట.

చివరికి రాజు తన కొలువులో చమత్కారిగా పేరుపడ్డ మైలనను పిలిపించాడు.

"మైలనా, వాడి పల్లకీ చేసినవాళ్లు నాక్కావాలి. ఏమిచ్చైనా సరే, తీసుకురా!"

"తెస్తాను ప్రభూ. కానీ వాళ్లు చూడ్డానికి తమలా ఉండకపోవచ్చు."

"వాళ్ల మొహాలతో నాకేం పనయ్యా? నాక్కావలసింది చేతులు!"

"ఆ మాట కొలువులో అందరి ముందూ ఒకసారి సెలవివ్వండి. నాకు ధైర్యంగా ఉంటుంది."

అసూయతో ఉడికిపోతున్న రాజు ఆ మాటే నిండు కొలువులో గట్టిగా అన్నాడు.

మైలన ఏరు దాటి వెళ్లి, కొన్నాళ్లకు కొందరు పనివాళ్లతో తిరిగి వచ్చాడు. వాళ్లలో చెంచమ్మ అనే వడ్రంగి ఉంది, ఒక కాలు ఈడ్చి నడిచే బాబయ్య ఉన్నాడు. వాళ్లను చూడగానే విరూపాక్షయ్య మొహం పాలిపోయింది. అయినా కొలువులో రాజుగారన్న మాట గుర్తొచ్చి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

పల్లకీ తయారైంది. రాజు దాన్లో కోట చుట్టూ తిరిగి, కొలువూ కార్ఖానా వాళ్లూ చూస్తుండగా పసిపిల్లాడిలా సంబరపడుతూ దిగాడు.

"ఈ కిటుకు మీకెలా తట్టింది?" అని అడిగాడు.

"మా నాయన పల్లకీ బోయీ దొరా" అంది చెంచమ్మ. "వాచిపోయిన ఆయన భుజానికి కాపడం పెడుతూ పెరిగాను. మోసే కర్ర కొంచెం వంగితే మోసేవాడికీ సుఖం, కూర్చున్నవాడికీ సుఖం."

"ఏ చిన్న కుదుపైనా నా కాలికి ముందు తెలుస్తుంది ప్రభూ. అందుకే ఆసనాన్ని తోలుపట్టీల మీద వేలాడదీశాం" అన్నాడు బాబయ్య.

రాజు తన పనివాళ్లకేసి చిరాగ్గా చూశాడు. "ఉదయార్కుడిది ఎంత అదృష్టం! నా రాజ్యంలో ఇలాంటివాళ్లు ఒక్కరైనా పుట్టారా?"

"పుట్టారు ప్రభూ" అన్నాడు మైలన. "చెంచమ్మా, మీది ఏ ఊరమ్మా?"

"ఈవలి ఒడ్డునున్న రేవుపల్లె అయ్యా. పనడగడానికి ఈ కార్ఖానాకే వచ్చాను. ఆడదానివన్నారు."

"నన్ను నడక బాగాలేదన్నారు" అన్నాడు బాబయ్య.

రాజు కళ్లెర్రజేసి విరూపాక్షయ్యకేసి తిరిగాడు. ఆయన చేతులు జోడించి, "తమ ఆజ్ఞే కదా ప్రభూ!" అన్నాడు.

మైలన చేతులు కట్టుకుని అన్నాడు: "ఉదయార్కులవారు మన దగ్గర ఏదీ దోచుకోలేదు ప్రభూ. మనం బయటికి తోసినవాళ్లను లోపలికి రమ్మన్నారంతే."

రాజు తలదించుకున్నాడు. తర్వాత చెంచమ్మకేసి తిరిగి, "అమ్మా, ఇక్కడే ఉండిపో. కోటవీధి వాళ్లకిచ్చే జీతమే నీకూ ఇస్తాను" అన్నాడు.

"అంతేనా దొరా?" అంది చెంచమ్మ. "ఆవలి రాజుగారు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారు."

ఆ మాట వినగానే రాజుకు మళ్లీ ఒళ్లు మండింది. "వాడా నాకంటే ఎక్కువిచ్చేది? వాడిచ్చేదానిమీద ఇంకా ఇస్తాను!"

"నా ఒక్కదానికేనా? పని తెలిసి వచ్చినవాళ్లందరికీనా?"

"అందరికీ! ఏ ఊరివాళ్లయినా, ఆడైనా మగైనా! వాడి గుమ్మం ఎంత వెడల్పుంటే నాది అంతకు రెట్టింపు ఉండాలి!"

అనేశాక గానీ తానేమన్నాడో రాజుకు తెలియలేదు. మైలన గబగబా వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభువులు ఆజ్ఞ ఇచ్చేశారు!"

రాజు తెల్లబోయి చూసి, మీసం వణికేలా పకపకా నవ్వాడు. "నా అసూయను కూడా పనిలో పెట్టావు కదయ్యా!" అంటూ మెడలోని ముత్యాల హారం తీసి మైలన మెడలో వేశాడు.

కొలువంతా చప్పట్లు చరిచింది. విరూపాక్షయ్య కూడా చరిచాడు గానీ, ఆయన చూపు మాత్రం ఆ హారం మీదనుంచి కదల్లేదు.