బందెలదొడ్డి తలుపు కొస

మనుషులు వదిలేసిన చోట జంతువులు కాపురం పెట్టడం మామూలే. వాగు పక్కన పల్లంలో ఒక పాత బందెలదొడ్డి ఉంది. పరాయి చేలో పడి మేసిన పశువుల్ని ఒకప్పుడు అందులో పెట్టి తాళం వేసేవారు. ఇప్పుడా తాళమూ లేదు, వేసేవాళ్ళూ లేరు. నిలువెత్తు రాతిగోడలు, లోపలికి తెరుచుకునే ఒకే ఒక్క టేకు తలుపు మిగిలాయి. ఆ తలుపు బరువు చూస్తేనే గొర్రెలకి ఆయాసం వచ్చేది.

వాన పట్టిందంటే చుట్టుపక్కల జంతువులన్నీ పిల్లల్ని ఆ దొడ్డిలో పెట్టి మేతకి పోయేవి. గోడలు ఎత్తు కాబట్టి తోడేళ్ళ భయం లేదు. తలుపు తీసేదీ వేసేదీ మాత్రం జంబయ్య అనే నక్క. పిల్లల కాపలాకి నక్కేమిటని మీరు అడగచ్చు. నేనూ అదే అడిగాను. ఆ తలుపుని కదిలించగలిగింది అదొక్కటేనట!

"ఈ తలుపు నా మంత్రానికే లొంగుతుంది. కళ్ళు తెరిచి చూశారో, మంత్రం పారదు" అనేది జంబయ్య. అందరూ బుద్ధిగా వెనక్కి తిరిగి కళ్ళు మూసుకునేవారు. కిర్రుమని చప్పుడయ్యేది. తిరిగి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉండేది. కోడి ఒక గుడ్డు, బాతు ఒక చేప కానుక పెట్టి, దండం పెట్టి, పిల్లల్ని తీసుకుని పోయేవి. కూర్చున్న చోటికే తిండి వస్తుంటే పిల్లల జోలికి పోవడమెందుకని జంబయ్య కూడా పెద్దమనిషిలాగే ఉండేది.

గండయ్య అనే దున్నపోతుకి ఇది తల కొట్టేసినట్టుండేది. నక్క తీసే తలుపు తను తియ్యలేకపోవడమేమిటి? వారానికోసారి వచ్చి, తలుపు గోడకి తగులుకునే కీళ్ళ దగ్గర నుదురు ఆనించి కుమ్మేది. అక్కడే ఎందుకంటే, కట్టుగొయ్యని మొదట్లో కుమ్మితేనే ఊడుతుందని పశువులన్నిటికీ పుట్టినప్పటి నుంచీ తెలిసిన విద్య. ఏ వస్తువు బలమైనా దాని మొదట్లోనే ఉంటుందని వాటి నమ్మకం. "భేష్ గండయ్యా! పట్టు చిక్కింది, వదలకు!" అని జంబయ్య ఎగదోసేది. గండయ్య నుదురు వాచేది, తలుపు వెంట్రుకవాసి కదిలేది కాదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. చుక్కమ్మ అనే మేక తన రెండు పిల్లల్ని దొడ్డిలో వదిలి వెళ్ళింది. మిగతావాళ్ళు వాన పెరగకముందే తమ పిల్లల్ని తీసుకుపోయారు. చుక్కమ్మ పరుగెత్తుకొచ్చేసరికి వాగు గట్టు దాటింది. దొడ్డి లోపలా బయటా మోకాలి లోతు నీళ్ళు. గోడ అవతల పిల్లలు అరుస్తున్నాయి.

"జంబయ్య బావా! తలుపు తియ్యి! పిల్లలు మునిగిపోతున్నారు!"

జంబయ్య గట్టు మీద కూర్చుని తోక పిండుకుంటోంది. "తీస్తానమ్మా. లోపల ఎన్ని ఉన్నాయి?"

"రెండు బావా."

"అయితే ఒకటి నీకు, ఒకటి నాకు."

చుక్కమ్మకి ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. "ఏమన్నావు బావా?"

"వాన హడావిడిలో కోళ్ళూ కానుక పెట్టలేదు, బాతులూ పెట్టలేదు. పొద్దున్నుంచీ పస్తున్నాను. ఆకలితో మంత్రం నోరు తిరగదమ్మా. ఒకటి ఇస్తే ఒకటి దక్కుతుంది. ఆలస్యం చేస్తే రెండూ పోతాయి. ఏది ఉంచుకుంటావో నువ్వే చెప్పు, నేనంత నిర్దయుణ్ణి కాను."

గోడ మీద తడిసి ముద్దయిన కాకమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూయడం మరిచిపోయింది. గట్టు పక్కన మేస్తున్న గండయ్య నమిలే గడ్డి నోట్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ వీళ్ళు దండం పెట్టింది ఇలాంటివాడికా! నాకైతే ఆ నక్క పీక నొక్కాలనిపించింది.

గండయ్యకి రోషం ముంచుకొచ్చింది. "నీ మంత్రం ఎవడిక్కావాలిరా!" అంటూ వెళ్ళి కీళ్ళ దగ్గర ఢీకొట్టింది. మరోసారి కొట్టింది. నుదురు చిట్లి రక్తం వచ్చింది. తలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు మెల్లగా నీళ్ళలో అడుగులేసుకుంటూ సాంబన్న వచ్చాడు. సాంబన్న ముసలి ఎద్దు. పదకొండేళ్ళు నూనెగానుగ తిప్పాడు. మెడ మీద కాడి కాయ ఇంకా మానలేదు. ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడే అలవాటు లేదు, ఎవరూ అడగరు కూడా. ఇవాళ అడక్కుండానే నోరు విప్పాడు.

"గండయ్యా, నువ్వు నిలబడ్డ చోటు తప్పురా అబ్బాయ్."

"ఊరుకో తాతా! బలం పెట్టాల్సింది మొదట్లో కాకపోతే తోకలోనా?"

"అవును, తోకలోనే. మా యజమాని బావమరిది ఒకసారి నాకు నడక తగ్గిద్దామని నన్ను గానుగ నడిమి రోలు దగ్గరగా కట్టాడు. చుట్టు చిన్నది, సుఖమే అనుకున్నాను. మెడ పుండయింది గానీ గానుగ కదల్లేదు. మళ్ళీ గానుగ తిప్పే దూలం చివర కట్టారు. దూరం ఎక్కువ నడిచాను, గానుగ మాత్రం నవ్వుతూ తిరిగింది. ఈ తలుపు కూడా ఒక చోట పాతుకుని తిరిగేదేగా? కొసకి రా."

జంబయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ముసలాడికి మతి పోయింది! తలుపు కొసలో ఏముంటుంది, గాలి తప్ప!" అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వులో వణుకు కాకమ్మకి వినిపించింది.

గండయ్య గొణుక్కుంటూనే కొసకి వెళ్ళింది. అక్కడ తలుపుకి ఇనుప గొలుసు వేలాడుతోంది. దాన్ని పళ్ళతో పట్టుకుని, గోడ వెంబడే పక్కకి లాగింది. కళ్ళు బైటికొచ్చేట్టు లాగింది. తలుపు కదల్లేదు. గొలుసు ఉమ్మేసి, "చూశావా తాతా? ఇక్కడా అంతే!" అని అలిగి మళ్ళీ కీళ్ళ దగ్గరికే పోయింది.

"ఓరి నీ అమాయకత్వం కూలా! పక్కకి లాగితే కీళ్ళతో పోట్లాడినట్టేరా! నేను దూలానికి అడ్డంగా నడిచాను గానీ దూలం వెంబడి నడవలేదు. చుక్కమ్మా, నువ్వు రా తల్లీ. ఆ కొసలో తల పెట్టి తిన్నగా లోపలికి తొయ్యి."

"నేనా? గండయ్య వల్ల కానిది నావల్ల అవుతుందా తాతా?"

లోపల ఒక పిల్ల గొంతు ఆగిపోయింది. ఇంకొకటే అరుస్తోంది. చుక్కమ్మ ఇంకేం అడగలేదు. కొసలో తల పెట్టి తోసింది.

కిర్రు.

అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు వినిపించే ఆ చప్పుడే ఇది! ఈసారి అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఎముకల గూడులాంటి మేక తోస్తుంటే ఏనుగంత తలుపు కదులుతోంది. జానెడు సందు పడింది. మూరెడు పడింది. గండయ్య గుడ్లు తేలేసింది. "మంత్రం... మంత్రం చదవలేదుగా?" అని కాకమ్మ తడబడింది.

ముందుగా తేరుకున్నది జంబయ్యే. ఇవాళ మేక తలుపు తీస్తే రేపు కోడి తీస్తుంది, తన పెద్దరికం వాగులో కలుస్తుంది. ఒక్క గెంతులో ఆ సందులోంచి లోపలికి దూరింది. తలుపు గుట్టు తెలిసినది కాబట్టి సరిగ్గా కొసకే వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి ఎదురు తోసింది. చోటు ఇద్దరికీ ఒకటే అయినప్పుడు బలమున్నవాడిదే పైచెయ్యి. తలుపు మూరెడు నుంచి జానెడుకి, జానెడు నుంచి బెత్తెడుకి మూసుకుంటోంది.

"తాతా! పోయింది తాతా!" అని చుక్కమ్మ ఏడ్చింది.

"గండయ్యా!" అని అరిచాడు సాంబన్న. ఆయన అరవడం అదే మొదలు, అదే ఆఖరు. "నీ బలమంతా పట్టుకుని ఇక్కడికి రా! తిన్నగా కుమ్ము! చుక్కమ్మా, తప్పుకో!"

గండయ్య ఈసారి వాదించలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి, కొసని ఢీకొట్టింది.

తలుపు గిర్రున తిరిగింది. అలా తిరుగుతుందని గండయ్య కలలో కూడా అనుకోలేదు. కీలు దగ్గర వానకి తలదాచుకున్న తూనీగ లేవను కూడా లేవలేదు. కొసలో ఉన్న జంబయ్య మాత్రం గాల్లోకి లేచి, దొడ్డి మొత్తం దాటి, ఎదుటి గోడకి తగిలి, పేడనీళ్ళ గుంటలో పడింది. కుడితిలో పడ్డ ఎలుకలా తేలుతూ మునుగుతూ, "బావలూ! అన్నలూ!" అని అరిచింది.

చుక్కమ్మ లోపలికి దూకింది. ఒక పిల్ల మూలనున్న నీళ్ళతొట్టి అంచు మీద నిలబడి ఉంది. రెండోది దాని కాళ్ళ కింద తొట్టిని ఆనుకుని, ముక్కు ఒక్కటే నీళ్ళ పైన పెట్టుకుని వణుకుతోంది. అరిచే ఓపిక లేదు గానీ ఊపిరుంది. చుక్కమ్మ రెండింటినీ నాకుతూ, "ఏది ఉంచుకుంటావని అడిగాడు తాతా, ఏది ఉంచుకుంటావని!" అని అదే మాట పదేపదే అంటూ ఏడ్చింది. సాంబన్న తన చెంప దాని మెడకి ఆనించి నిలబడ్డాడు.

"తాతా," అంది గండయ్య చివరికి, "నేను ఎప్పుడూ తోసినంతే తోశాగా! ఆ నక్క అంత దూరం ఎలా ఎగిరింది?"

"గానుగ తిరిగేటప్పుడు నడిమి రోలు మీద ఈగ వాలి నిద్రపోయేదిరా. అదే చుట్టు తిరగడానికి దూలం చివర నేను రొప్పుతూ నడిచేవాణ్ణి. కొసలో ఉన్నవాడికే పరుగెక్కువ. జంబయ్యకి సగం చదువే వచ్చు."

ఆ వానాకాలం నుంచి దొడ్డి తలుపుకి కాపలాదారు లేడు. రెండు కోళ్ళు కలిసినా తీసుకుంటున్నాయి. జంబయ్య ఎప్పుడైనా ఆ దారిన పోవాల్సివస్తే, కీళ్ళ వైపు గోడకి ఒళ్ళు రాసుకుంటూ పోతుందట.

నీతి: చోటు తెలిసి తోస్తే మేకకైనా తలుపు తెరుచుకుంటుంది, ఆ చోటు దాచుకుని బతికేవాడికి ఎప్పటికైనా అక్కడే దెబ్బ తగులుతుంది.