సున్నా అంటే

భార్గవి కాలు ఆ రోజు నేల మీద నిలవలేదు. నిలుస్తుందా మరి! ఏళ్ల తరబడి టిన్ ఆక్సైడ్ నానో పొడితో కుస్తీ పట్టి, అగ్గిపెట్టెంత పరికరం తయారు చేసింది. విషవాయువు పిసరంత తగిలితే చాలు, వైరుతో దానికి కలిపిన డబ్బా మీద అంకె లేస్తుంది. ల్యాబ్‌లో ఒక్కసారి తప్పితే ఒట్టు.

"ఇంకా ఏం చూడాలి సార్? మురుగు గుంతల్లో దిగే పనివాళ్లకి ఇచ్చేద్దాం" అంది.

ఆమె గురువు ఇమ్మానుయేలు మాస్టారు వాదించే మనిషి కాదు. "పద తల్లీ" అని ఊళ్లోకి తీసుకెళ్లారు. ఓ సందులో డ్రైనేజీ పూడుకుపోయింది. మ్యాన్‌హోల్ పక్కన మురుగు తీసే గురవయ్య నడుముకు తాడు కట్టుకుని నిలబడ్డాడు. కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడు.

పోయిన నెలే గురవయ్య తమ్ముడు ఇలాంటి గుంతలోనే ప్రాణం వదిలాడు. మొదట కుళ్లు కంపు కొట్టిందట, తర్వాత కంపు పోయిందట. గ్యాసు పోయిందనుకుని ఇంకా లోపలికి దిగాడు, పాపం. ఆ గ్యాసు ముందు ముక్కునే చంపుతుందని అతనికెవరు చెప్పారు కనక?

"మేడమ్, మాస్టారు చెప్పారు, మీ మిషన్ దించి చూడండి. మీరు దిగమంటే దిగుతా" అన్నాడు గురవయ్య.

భార్గవి వైరు పట్టుకుని పరికరాన్ని గుంతలోకి వదిలింది. చేతిలోని డబ్బా మీద అంకె కదల్లేదు.

"సున్నా. ఏమీ లేదు, దిగొచ్చు" అంది.

గురవయ్య ఆమెకు దండం పెట్టి ముందుకొచ్చాడు. మాస్టారు అతన్ని పక్కకు జరిపి, చెప్పులు విడిచి, ఇనప మెట్టు మీద తను కాలు పెట్టారు.

భార్గవి ఒక్క ఉరుకున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, వద్దు సార్!"

"ఎందుకమ్మా? సున్నా అన్నావుగా?"

"ల్యాబ్‌లో చూసింది సిలిండర్ గాలిలో సార్, పొడి గాలి. లోపలంతా తేమ. తేమలో ఇది సరిగా పట్టకపోవచ్చు. నేను... చూళ్లేదు."

"అయితే సున్నా అంటే లేదనా, తెలీదనా?"

ఆమె పట్టిన చెయ్యి వదల్లేదు.

మాస్టారు కాలు వెనక్కి తీసుకున్నారు. "నేను కాలు పెట్టేసరికి గుర్తొచ్చిందే! గురవయ్య పెట్టబోతే రాలేదేం?"

భార్గవి సిగ్గుపడి ఆయన చెయ్యి వదిలింది. గురవయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నాకు తెలీదు. దిగొద్దు."

గురవయ్య తాడు విప్పాడు. కాంట్రాక్టరు ఇద్దర్నీ ఓ చూపు చూసి ఫోన్ తీశాడు. "ఒరేయ్, వీడు కాదంటున్నాడు. ఇంకెవణ్నయినా పంపు, బేగి!"

భార్గవి ఆ ఇనప మూతని కిర్రుకిర్రుమని తనే ఈడ్చి గుంత మీదికి లాగింది. లాగి, దాని మీద కూర్చుంది.