వంటమనిషి వేలిముద్ర

ప్రభుత్వ పథకాల మూల్యాంకనం మీద మాకు పాఠాలు చెప్పిన వీరభద్రం మాస్టారికి నిర్వచనాలు గిట్టవు. అడిగినవాళ్ళకి తన తప్పొకటి చెప్పి ఊరుకుంటారు. ఒకరోజు నీలవేణి, "మాస్టారూ, పథకం మంచిచెడ్డలు తేల్చేటప్పుడు ఊరివాళ్ళ భాగస్వామ్యం అంటే ఏమిటి? దాన్ని దేంతో కొలవాలి?" అని అడిగింది. పాపం, పట్టిక కూడా గీసుకునే వచ్చింది.

మాస్టారు చెప్పింది ఇది. కొండవార ఊరొకదాంట్లో అంగన్‌వాడీని గెడ్డ అవతలికి, అంటే ఊరి పక్క వాగుకి ఆవలి ఒడ్డుకి, మార్చారు. అక్కడే ఉంచాలా, వెనక్కి తేవాలా అన్నది మాస్టారి బృందం తేల్చాలి. అందుకని ఊళ్ళో సభ పెట్టారు. వచ్చిన అధికారులకి వండిపెట్టడానికి పైడమ్మని పిలిచారు. ఆమె మనవరాలు వెళ్ళేది ఆ అంగన్‌వాడీకే. పొయ్యి వెలిగించకముందే హాజరు కాగితం మీద పైడమ్మ చేత వేలిముద్ర వేయించారు. సభ పందిట్లో జరిగింది, ఆమె పందిరి వెనక పొగలో ఉంది. పెళ్ళిలో వంటవాడికి ముహూర్తం కనిపించనట్టే ఆమెకి సభ కనిపించలేదు.

భోజనాలయ్యాక చేతులు కొంగుకి తుడుచుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చింది.

"బాబూ, వానొస్తే గెడ్డ పొంగుతాది. పిల్లలెలాగ దాటుతారు?"

మాస్టారు అప్పటికే జీపెక్కుతున్నారు. "నీ వేలిముద్ర పడిందిగా అమ్మా, అంతా రాసుకున్నాం" అన్నారు.

నివేదికలో ఊరి భాగస్వామ్యం నూటికి తొంభై రెండని రాశారు. ఆ తొంభై రెండులో పైడమ్మ కూడా ఉంది. అంగన్‌వాడీ గెడ్డ అవతలే ఉండిపోయింది. శ్రావణమాసంలో గెడ్డ పొంగి, పైడమ్మ మనవరాలు కొట్టుకుపోయింది.

వింటుంటే నాకు ఆయన మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పోయాక మాకు పాఠంగా చెబితే ఆ పిల్ల వస్తుందా? నీలవేణి మాత్రం కాగితం మీంచి తలెత్తలేదు.

"అయితే మాస్టారూ, ఆ రోజు భాగస్వామ్యం సున్నా అని వేసుకోవాలి కదా?"

మాస్టారు ఆమె పట్టికని తనవైపు తిప్పుకున్నారు.

"సున్నా కాదమ్మా. వడ్డిస్తూ పైడమ్మ ఒక్కో విస్తరి దగ్గరా ఆగి, 'ఉప్పు సరిపోనాదా బాబూ' అని అడిగింది. నేను చాలదన్నాను. నా మాట పూర్తి కాకముందే తెచ్చి వేసింది. నీ పట్టికలో అదెక్కడ రాస్తావో చూడు."