హైమవతి పెట్టని ఆప్షన్

జిల్లా కోర్టు గేటు ఎదురుగా, రేకుల షెడ్డులో టైపు మిషను పెట్టుకుని బతికే హైమవతికి కనబడిన ప్రతి మనిషినీ అనుమానించే గుణం ఉండేది. తన పెన్నును దారంతో బల్లకు కట్టి ఉంచేది. టీ తెచ్చినవాడు నవ్వితే, గ్లాసులో ఎంత తగ్గించాడోనని వంగి చూసేది. ఎవరైనా "బాగున్నావా?" అని పలకరిస్తే, "వీళ్ళకి నాతో ఏం పని పడిందో!" అనుకునేది.

ఆ గుణం వల్ల ఒకసారి మేలు కూడా జరిగింది. ఎవరో తెచ్చిన స్టాంపు కాగితం మీద తేదీ దిద్ది ఉండటం ఆమె కంట పడింది. ప్లీడర్లందరూ మెచ్చుకున్నారు. "నువ్వు లా చదవాల్సిన మనిషివమ్మా!" అన్నారు. ఆ ఒక్క మాటను మాత్రం హైమవతి అనుమానించలేదు. వెంటనే లా ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టింది.

ఊళ్ళోనే యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. అక్కడ సీటు వస్తే పొద్దున క్లాసులకు వెళ్ళి, మధ్యాహ్నం నుంచి టైపు చేసుకోవచ్చు. వేరే ఊరు వెళ్ళాలంటే పని మానుకోవాలి. భర్త ఆర్టీసీ కండక్టరు. బడికి వెళ్ళే కూతురుంది. ఆ ఒక్క కాలేజీలో సీటు వస్తేనే ఆమె నల్లకోటు వేసుకోగలదు.

పక్క బల్ల దగ్గర టైపు చేసే కాత్యాయని కూడా అదే పరీక్షకు చదువుతోంది. హైమవతి కంటే ఆరేళ్ళు పెద్దది. ఆమెకూ ఆ కాలేజీయే కావాలి. ఇద్దరిదీ ఒకే రిజర్వేషను. అందుకని హైమవతి కళ్ళు ఎప్పుడూ ఆ బల్ల మీదే ఉండేవి.

ఒకరోజు కాత్యాయని తాను రాసుకున్న నోట్సు తెచ్చి ఇచ్చింది. హైమవతి దాన్ని పేజీ పేజీ పుస్తకంతో సరిచూసింది. ఒక్క తప్పూ దొరకలేదు. "ఒక్క తప్పూ లేదంటే, అసలైనది ఇంకేదో దాచుకుని ఉంటుంది" అనుకుంది.

"నాకు డిగ్రీలో అరవై ఒక్క శాతం వచ్చింది. అది కలిసొస్తుందిలే" అంది హైమవతి ఇంకోరోజు.

"అది గుమ్మం దాటడానికే హైమా. దాటాక నీ అరవై ఒకటీ నా నలభై ఏడూ ఒకటే. లోపల కుర్చీ వేసేది పరీక్షలో వచ్చే ర్యాంకే" అంది కాత్యాయని.

తనకు మార్కులు తక్కువ కాబట్టి కాత్యాయని అలా అంటోందనుకుని హైమవతి ఆ మాట నమ్మలేదు. ఇంటికి వెళ్ళి నోటిఫికేషను చదివింది. కాత్యాయని చెప్పిందే అందులోనూ ఉంది. అయినా ఆమె మీద అనుమానం మాత్రం పోలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ప్రశ్నలు చూస్తే చాలావరకు తెలిసినవే. అదే హైమవతికి భయం పుట్టించింది. "ఇంత సులువుగా ఎందుకు అడుగుతారు? ఇందులో ఏదో మెలిక ఉంది!" అనుకుంది. సరిగ్గా పెట్టిన జవాబుల్లో తొమ్మిదింటిని వెనక్కి వెళ్ళి మార్చింది. మెలిక ఎక్కడా లేదు. తొమ్మిది మార్కులూ ఊరికే పోయాయి.

ఫలితాల్లో హైమవతికి పన్నెండు వందల పద్నాలుగో ర్యాంకు వచ్చింది. కాత్యాయనికి పన్నెండు వందల అరవై రెండు. తానే ముందున్నందుకు హైమవతికి సంతోషం వేసింది. కానీ నిరుడు ఆ కాలేజీలో తమ రిజర్వేషను కింద చివరి సీటు పదకొండు వందల నలభై దగ్గరే ఆగిపోయిందని తెలిసి నీరుగారిపోయింది.

కావలసిన కాలేజీలను వరుసగా కంప్యూటర్లో ఆప్షన్లుగా పెట్టుకునే రోజు వచ్చింది. హైమవతి నేరుగా పక్క బల్ల దగ్గరికి వెళ్ళి అడిగింది.

"అక్కా, మన కాలేజీ నాకు రాదేమో. పెట్టాలంటావా, వద్దంటావా?"

కాత్యాయని టైపు చేయడం ఆపింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నిదానంగా చెప్పింది.

"పెట్టు. మొదట అదే పెట్టు. నిరుటి లెక్క నిరుటిదే. అది రాకపోతే కంప్యూటరు రెండోది చూస్తుంది, మూడోది చూస్తుంది. అడిగినందుకు పోయేదేమీ లేదు."

ఆ కాసేపటి మౌనమే హైమవతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. "ఎందుకు ఆగింది? ఏం కల్పించాలా అని ఆలోచించిందన్నమాట! రాని కాలేజీని మొదట పెట్టించి, నన్ను వరుసలోంచి తప్పించాలని చూస్తోంది."

ఆమె ముఖం చూసి కాత్యాయని నవ్వింది. "నా మాట మీద గురి లేకపోతే ర్యాంకు కాగితం కింద సీట్లు ఇచ్చే ఆఫీసు ఫోన్ నంబరు ఉంది. వాళ్ళనే అడుగు."

"వాళ్ళు మాత్రం నిజం చెబుతారని ఏముంది?" అనుకుంది హైమవతి. ఫోన్ చేయలేదు. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, అరవై కిలోమీటర్ల అవతల ఉన్న ప్రైవేటు కాలేజీని మొదట పెట్టింది. దాని కింద అలాంటివే మరో రెండు పెట్టింది. ఊళ్ళో కాలేజీ పేరు ఎక్కడా పెట్టలేదు. ఎవరి మాయలోనూ పడలేదని లోలోపల మురిసిపోయింది.

పది రోజులకు సీట్లు ప్రకటించారు. ఇద్దరూ ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళారు. సెంటరు నడిపే మస్తాన్ తెర చూసి కేక పెట్టాడు.

"కాత్యాయనక్కా! మన ఊరి కాలేజీలో మీకు సీటు వచ్చింది. మీ రిజర్వేషనులో చివరి సీటు మీదే!"

హైమవతికి మాత్రం అరవై కిలోమీటర్ల అవతలి సీటు వచ్చింది. ఆమె ముఖం కందగడ్డ అయింది.

"ఇదేదో మోసం! నా వెనకున్న ర్యాంకుకు ఎలా ఇచ్చారు? నా పేరు ఎవరు తీసేశారు?"

మస్తాన్ ఆమె ఆప్షన్ల కాగితం తీసి చేతిలో పెట్టాడు. "ఎవరూ తీయలేదమ్మా. మీరసలు ఆ కాలేజీని అడగనేలేదు. ఈసారి ముందు ర్యాంకులవాళ్ళు చాలామంది వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు, అందుకే చివరి సీటు ర్యాంకు ఇంత దూరం దిగింది. మీరు అడిగి ఉంటే ఆ సీటు మీకే వచ్చేది. అక్కకు వచ్చేది కాదు."

హైమవతి ఆ మూడు పేర్లనూ మళ్ళీ మళ్ళీ చదివింది. తరువాత కాత్యాయని వైపు తిరిగింది.

"నేను అడిగితే నీకు పోతుందని ఆ రోజు నీకు తెలుసా అక్కా?"

"తెలియకేం? నీ ర్యాంకు నాకంటే ముందు. ఒక్క సీటే మిగిలితే నీదే. అందుకే కాసేపు నోరు పెగల్లేదు" అంది కాత్యాయని.

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వొచ్చి అడిగావు కదే! అడిగినదానికి తప్పు చెప్పి, రేపు ఆ కాలేజీలో కూర్చుని న్యాయం ఏం చదవను?"

హైమవతికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేసింది. రెండో విడతలో ఆ కాలేజీలో ఒక్క సీటూ మిగల్లేదు. అరవై కిలోమీటర్లు రోజూ వెళ్ళిరావడం కుదరక, వచ్చిన సీటునూ ఆమె వదులుకుంది. ఏడాదంతా మళ్ళీ టైపు మిషను ముందే గడపాలి.

కాత్యాయని క్లాసులు మొదలైన రోజు, హైమవతి పెన్నుకు కట్టిన దారం విప్పేసింది. మధ్యాహ్నం కాత్యాయని షెడ్డుకు రాగానే ఎదురెళ్ళింది.

"అక్కా, ఆ నోట్సు మళ్ళీ ఇస్తావా? వచ్చే ఏడు రాస్తాను."

కాత్యాయని ఇచ్చింది. హైమవతి ఒక్క పేజీ కూడా తిప్పి చూడకుండా సంచిలో పెట్టుకుంది.

నీతి: అనుమానం వస్తే నిజమేమిటో విచారించాలి, విచారించకుండా అనుమానాన్నే తీర్పుగా రాసుకుంటే, శిక్ష పడేది మనకే.