ఓబన్న వెల తేల్చిన ఆట

ఆ ఉగాదికి నీలగుట్ట రాజు బయ్యపరాజుకి ఓ చిక్కు వచ్చిపడింది. ఆయన గంపబంతి జట్టులో పాతకాపు ఓబన్న. అతని మూడేళ్ళ ఒప్పందం ఆ రోజుతో తీరిపోతోంది.

గంపబంతి అంటే ఆ ఊరికి పిచ్చి. మైదానానికి అటొకటి ఇటొకటి నిట్రాళ్ళు, వాటి కొసన వెదురు గంపలు. జట్టుకు అయిదుగురు. అవతలివాళ్ళ గంపలో బంతి ఎక్కువసార్లు వేసినవాళ్ళదే గెలుపు.

ఒప్పందం తీరిన ఆటగాణ్ణి రాజు ఉంచుకోవచ్చు, వదిలెయ్యొచ్చు. వదిలేస్తే అతను ఏ రాజ్యానికైనా పోవచ్చు. ఈ సంగతి తెలిసి పొరుగు రాజ్యం పాలవెల్లి దూత పల్లకీలో దిగనే దిగాడు. రెండేళ్ళ ఒప్పందం, పెంకుటిల్లు, జత ఎడ్లు ఇస్తామన్నాడు.

ఆటశాల అధికారి శరభప్పకి కడుపు నిండినట్టయింది. ఓబన్న చోటులో తన మేనల్లుణ్ణి నిలబెట్టాలని ఆయన ఆశ. పంపించెయ్యండి మహారాజా, ముప్పై ఆరేళ్ళ ముసలాడు, మెట్లెక్కితే ఆ మోకాళ్ళ చప్పుడుకి ద్వారపాలకుడు ఉలిక్కిపడుతున్నాడు అన్నాడు.

సగం సభ అవునంది, సగం కాదంది. రాజుకి విసుగేసింది.

"మాటలు చాలు. ముసలి ఆటగాడి విలువెంతో పొద్దుగూకేలోగా నా కళ్ళకు కనబడాలి. కనబడితే ఉంటాడు, లేకపోతే పోతాడు."

సింహాసనం పక్కన తాంబూలపు పళ్ళెం పట్టుకుని నిలబడ్డ చెంగల్వ, సభలో ఓ వారగా ఉన్న ఓబన్న వైపు తిరిగింది. పదేళ్ళుగా చూస్తోంది ఆమె ఆ ఆట. ఓబన్న చేతిలోంచి లేచిన బంతి ఆకాశంలో ఒక్క క్షణం ఆగి, తన ఇల్లు గుర్తుపట్టినట్టు గంపలోకి దిగేది. ఆ ఒక్క క్షణం కోసమే ఆమె ఆటరోజుల్లో జడలో పూలు మార్చుకునేది. పొద్దున్నే అతను ఆమెతో అన్నాడు, ఆ ఎడ్లను నేనేం చేసుకోను చెంగల్వా, ఇక్కడ ఏ గంప ఎటు వాలి ఉందో నా చేతికి తెలుసు అని.

ఆమె పళ్ళెం సర్దుకుని ముందుకొచ్చింది.

"అధికారిగారి మాట నిజం మహారాజా. ఓబన్నను ఇచ్చేయండి."

ఓబన్న చప్పున తలెత్తి ఆమె వంక చూశాడు. శరభప్ప మీసం దువ్వాడు.

కాకపోతే కొనేవాళ్ళకు సరుకు చూపించడం మర్యాద కదా అంది చెంగల్వ. దూతగారి పల్లకీ బోయీలు నలుగురున్నారు, వాళ్ళతో ఓబన్నను కలిపి, మన జట్టు మీద ఒక్క ఆట ఆడిద్దాం అంది. కాలం కొలిచే గడియగిన్నె నీళ్ళలో మునిగేదాకా ఆట.

బోయీలా అని శరభప్ప పగలబడి నవ్వాడు. రాజు సరేనన్నాడు.

మైదానంలో శరభప్పకి తాంబూలం అందిస్తూ చెంగల్వ గొంతు తగ్గించింది.

"అయ్యగారూ, అంత మాటన్నారు. ఇప్పుడు ఆ ముసలాడు రాజుగారి ఎదుట నాలుగు వేశాడంటే మీ మాటేం కాను?"

శరభప్ప నోట్లో ఆకు నమలడం ఆగింది. వెంటనే ఓబన్న చోటులో ఆడుతున్న మేనల్లుణ్ణి పిలిచి, ఓబన్నను వదలొద్దన్నాడు. ఓబన్న ఒకసారి చెయ్యెత్తగానే ఇంకొకణ్ణి తోలాడు. ఓబన్న ఇటు తిరిగి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకి భయపడి మూడోవాణ్ణీ పంపాడు.

ఓబన్నకి సంగతి అర్థమైంది. తీరిగ్గా నడిచి ఆ మూలకు పోయాడు. ముగ్గురూ వెంటపడ్డారు. ఈ మూలకొచ్చాడు. వచ్చారు. గట్టు దగ్గరకెళ్ళి ముంత ఎత్తి మజ్జిగ తాగాడు. తల్లిబాతు వెనక పిల్లల్లా ముగ్గురూ అక్కడే నిలబడి అతను మూతి తుడుచుకోవడం చూశారు.

అవతల బోయీలు నలుగురికి ఎదురున్నది ఇద్దరే. పుట్టి బుద్ధెరిగాక బంతి పట్టని మనుషులు, పల్లకీ పాట పాడుకుంటూ దగ్గర దగ్గరగా చేతులు మార్చి గంపలో వేసేస్తున్నారు. గిన్నె మునిగేసరికి వాళ్ళవి తొమ్మిది, నీలగుట్టవి రెండు.

జనం గోలలో శరభప్ప చెమటలు తుడుచుకుంటూ రాజు ముందుకు పరిగెత్తాడు. ఓడిపోయినా తనదే గెలుపన్నట్టుంది మొహం.

"చూశారా మహారాజా, ఆ ముసలాడు ఆటంతా ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు."

రాజు చెంగల్వ వైపు తిరిగాడు. ఏమే, దీనికేమంటావు అన్నాడు.

"నిజమే ప్రభూ, ముట్టుకోలేదు. మరి పనికిరాని మనిషికి ముగ్గురు కాపలా ఎందుకో అధికారిగారినే అడగండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. దూతకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అతనూ నవ్వేశాడు.

విలువ కళ్ళారా చూశాం, చూపించింది మీరే అని రాజు శరభప్పతో అన్నాడు. ఒప్పందం కూడా మీ చేత్తోనే రాయండి, ఏటికాయేడు ఉండాలో పోవాలో ఓబన్న ఇష్టం అన్నాడు.

శరభప్ప గంటం తీసుకుని, ఎన్నేళ్ళకు రాయమంటారని నీరసంగా అడిగాడు. రాజు మళ్ళీ చెంగల్వ వైపే చూశాడు.

"ముగ్గురు కాపలా ఒక్కరికి దిగేదాకా, ప్రభూ."

మైదానమంతా నవ్వులతో ఊగిపోయింది. రాజు మెడలోని ముత్యాలపేట తీసి ఆమె పళ్ళెంలో వేశాడు.